ఎడ్వర్డు లారీ వైద్యుని చరిత్రము

ముదిగుబ్బకు చుట్టుపట్లనున్న పల్లెలలో వాన కురిసిన యేడు వేరుసెనగ పండును. కురియని యేడు అప్పు పెరుగును. ఇట్టి చోట వైద్యుని కడకేగుట యనగా నొకనాటి కూలి పోగొట్టుకొనుటయే. కదిరికో అనంతపురమునకో పోయివచ్చు వ్యయము దానికి తోడు. అందుచేత నొకరికి వ్రాసిన మాత్రలను మరియొకరు మ్రింగుటయు, మిగిలిన మందును కొంగున ముడివేసికొని మరుసటి జ్వరమునకు దాచుటయు నిచ్చట వాడుక. మా తాతగారు రక్తపుపోటునకిచ్చిన మాత్రను ఉదయమున మ్రింగి, అది పనిచేసినట్లు తోపలేదని మధ్యాహ్నమున మరి రెండు మ్రింగి, పశువుల కొట్టము కడ సొమ్మసిల్లి పడిరి. తలకు దెబ్బ తగిలి నెలదినములు మంచము పట్టిరి. ఆ మందుపొట్లముపై పేరు గలదు, తేది గలదు, దినమునకెన్ని యను లెక్కయు గలదు. చదువనేర్చిన మనుమడను నేనింటనే యుంటిని. వారు నన్నడుగలేదు, నేనును చూడలేదు.

మన విద్యార్థులు కొందరు సెలవు దినములలో ఇంటింటికేగి, చదువురాని పెద్దలకు మందుపొట్లములపై వ్రాతలను చదివి చెప్పుటకు పూనుకొనిరి. ఇది జీతము లేని పని. ఒక్కొక్కచోట తిట్లు సయితము దొరకును. వారిలోనొకడు, ఔషధమును సురక్షితముగ వాడవలెనని తనంతట తానే బూని పాటుపడినవారు తెలుగుదేశమున పూర్వమెవరైన గలరా యని నన్నడిగెను. ఉన్నారని చెప్పితిని. కాని యతడు తెలుగువాడు కాడు. హైదరాబాదునందు పనిచేసిన ఆంగ్ల ప్రభుత్వ వైద్యుడు. అతని కథ ముక్కాలు మెచ్చుకొనదగినది, తక్కిన పాలు నేర్చుకొనదగినది. ఆ పాలును దాచక చెప్పెదను.

ఎడ్వర్డు లారీ 1846వ సంవత్సరమున జనించెను. ఎడింబరో నగరమున వైద్యవిద్య నభ్యసించెను. ఆ కాలమున నచ్చట జేమ్సు సైము అను శస్త్రవైద్యుని పేరు మిగుల ప్రఖ్యాతము. గురువు మాటను శిష్యుడెంతకాలము మోయగలడో లారీ చరిత్రమే దృష్టాంతము. సైము కడ విన్నదానిని అతడు జీవితాంతము విడువలేదు.

ఆ మాట యేమో తెలియవలెనన్న క్లోరోఫారము కథ కొంత తెలియవలెను. పూర్వము కాలు కోయవలసినను, రాయి తీయవలసినను, రోగిని బలవంతులు నలుగురు పట్టుకొనియుండగా వైద్యుడు కత్తి చేపట్టెడివాడు. ఎంత త్వరగ కోసిన అంత గొప్ప వైద్యుడు. 1847 నవంబరు 4వ తేది రాత్రి ఎడింబరోలో జేమ్సు యంగు సింప్సను అను వైద్యుడు తన మిత్రులతో గూడ క్లోరోఫారమను ద్రవపదార్థపు ఆవిరిని స్వయముగ పీల్చి పరీక్షించెను. మువ్వురును బల్లక్రింద పడి నిద్రించిరి. కొలది దినములలోనే యా మందు వైద్యశాలల కెక్కెను. తియ్యని వాసన, వేగమైన మత్తు. గుడ్డపై కొన్ని చుక్కలు పోసిన చాలును, యంత్రమక్కరలేదు. లోకమంతయు సంతసించెను.

ఆ సంతోషము మూడు నెలలు కూడ నిలువలేదు. 1848 జనవరి 28వ తేదిని ఇంగ్లండులో న్యూకాసిలు సమీపమున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకు క్లోరోఫారమిచ్చిరి. గోరు తీయుచుండగనే ప్రాణము పోయెను. అది ప్రాణాపాయమైన రోగము కాదు, కేవలము గోరు! అటుపిమ్మట నిట్టి మరణములు ఏటేట వినబడుచుండెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున వైద్యులు వేసిన యంచనాను బట్టి సుమారు మూడువేలమందిలో నొకరు కత్తివలన గాక మత్తుమందువలననే మరణించుచుండిరి.

కారణమేమి? ఇచ్చట వైద్యలోకము రెండుగ చీలెను. లండనులో జాను స్నో అను వైద్యుడు కొలతలు తీసి చూచెను. 1854లో కలరాకు కారణము నీటిపంపని చూపిన స్నో యీతడే. గాలిలో క్లోరోఫారపు పాలు మితిమీరినచో గుండె హఠాత్తుగ నిలిచిపోవునని యతడు తేల్చి, పాళ్లు తప్పకుండ ఆవిరినిచ్చుటకొక పరికరమును నిర్మించెను. ఎడింబరోలో సైము మతము వేరు. పరికరములేల, మడచిన గుడ్డ చాలును. నాడిని పట్టుకొని కూర్చుండవలదు. రోగి ఊపిరినే చూడుము. ఊపిరి సాగుచున్నంతవరకు గుండెకు భయము లేదు. సైము శిష్యుల చేతులలో మరణములు తక్కువగ నుండెననుట కూడ నిజమే. కావున నెవరి యనుభవము వారికి వేదమయ్యెను.

లారీ భారతదేశపు వైద్యోద్యోగములో చేరి, కొంతకాలము లాహోరు వైద్యకళాశాలలో శస్త్రవైద్యము బోధించి, 1885వ సంవత్సర ప్రాంతమున హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగ వచ్చెను. 1846 నుండి అచ్చట నొక వైద్యపాఠశాల గలదు. లారీ దానికి అధిపతియయ్యెను. అంతవరకు ఉర్దూలో సాగుచుండిన బోధన అతని కాలమున ఆంగ్లమునకు మారెను. అంతకన్న గొప్ప మార్పొకటి జరిగెను: స్త్రీలును విద్యార్థినులుగ చేరిరి. వారిలో రూపాబాయి ఫర్దూంజీ యను పారసీ యువతి యొకతె. ఆమె విషయము ముందు వచ్చును.

హైదరాబాదులో లారీ యేర్పరచిన పద్ధతిని మన విద్యార్థులు శ్రద్ధగ గమనింతురు గాక. శస్త్రము చేయువాడొకడు, మత్తునిచ్చువాడు వేరొకడు. మత్తునిచ్చువాడు కోతవైపు కన్నెత్తి చూడరాదు. చుట్టునెన్ని వింతలు జరుగుచున్నను అతని కన్నును చెవియు రోగి ఊపిరిమీదనే యుండవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడకు, రొమ్మునకు, కడుపునకు బిగువైన వస్త్రమేదియు నుండరాదు. రోగి పెనగులాడి ఊపిరి బిగపట్టినచో మందుగుడ్డను తక్షణము తీసివేయవలెను. ఏలయన బిగబట్టిన పిమ్మట వచ్చు పెద్ద ఊపిరితో మందు ఒక్కసారిగ లోపలికి పోవును. ఊపిరి తడబడినచో నాలుకను ముందునకు లాగి, అవసరమైన చేతులతో ఊపిరి ఆడించవలెను. ఈ పని నెవడో తీరికగనున్న పరిచారకునికి గాక, నేర్చిన విద్యార్థికే యప్పగించుచుండెను. ఆ రోజులలో ఇంగ్లండునందలి యనేక వైద్యశాలలలో నింతటి జాగ్రత్త లేదు. అచ్చట మత్తునిచ్చు పని చాలచోట్ల చిన్నవానికి విసిరివేయు చాకిరి. వేలకొలది రోగులకు తన పద్ధతిలో క్లోరోఫారమిచ్చి యొక్క ప్రాణమైనను పోగొట్టలేదని లారీ చెప్పుకొనుచుండెను.

ఇంతటితో నూరకున్నచో నతడు మంచి వైద్యుడనిపించుకొని పింఛను పుచ్చుకొని పోయియుండును. కాని తన యాసుపత్రిలో రోగులు బ్రతుకుచుండగా లోకములోని రోగులు చచ్చుచుండుటను అతడు సహింపలేకపోయెను. అది యతని యుద్యోగధర్మము కాదు, ఎవరును కోరలేదు, జీతము పెరుగునది కాదు. అయినను పత్రికలకు లేఖలు వ్రాయుట, సభలలో వాదించుట, నైజాము సర్కారును ప్రోత్సహించుట తన పనిగ పెట్టుకొనెను. 1888లో హైదరాబాదునందు మొదటి క్లోరోఫారము పరిశోధకసంఘము కూడెను. వీధికుక్కలకు క్లోరోఫారమిచ్చి, ఊపిరి ముందు నిలుచునా గుండె ముందు నిలుచునా యని చూచిరి. ఊపిరియే ముందని తేలెను. ఆ మూగజీవములు నూటికి పైగ నీ ప్రశ్నకు బలియైనవి. నేటివారికి ఆ సంగతి చదువుట కష్టముగ నుండును, ఉండవలెను గూడ.

లండనులోని లాన్సెట్టు అను వైద్యపత్రిక ఆ ఫలితమును నమ్మలేదు. పరికరములతో రక్తపు ఒత్తిడిని గీతలుగ నమోదు చేయక కేవలము కంటితో చూచినది చాలదనెను. ఇది తగిన యాక్షేపణయే. దానికి హైదరాబాదు ఇచ్చిన సమాధానము కడు ఘనమైనది. ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ప్రభుత్వము వేయి పౌనులిచ్చెదము, మీరే యొక నిపుణుని పంపి పరీక్షింపుడని యా పత్రికను పిలిచెను. తన నమ్మకమును శంకించువానినే వ్యయమిచ్చి యింటికి పిలిచి పరీక్షింపుమనుట సామాన్యుల పని కాదు. లాన్సెట్టు వారు లాడరు బ్రంటను అను ప్రసిద్ధుని పంపిరి. గుండెనొప్పికి అమైలు నైట్రైటు అను మందును 1867లో ప్రయోగించినవాడు అతడే. క్లోరోఫారము గుండెకు హాని చేయునను పక్షముననుండియే యతడు బయలుదేరెను.

1889 శీతకాలమున రెండవ సంఘము కూడెను. బ్రంటను, లారీ, బామ్‌ఫర్డు, రస్తంజీ అనువారలు సభ్యులు. ఈసారి కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుఱ్ఱములు మొదలగు నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్ష జరిగెను. ఎన్ని విధముల నిచ్చినను, భయపెట్టి యిచ్చినను, నాడులను రేపి యిచ్చినను, మొదట నిలుచునది ఊపిరియేనని వారికి కనబడెను. బ్రంటను తన పూర్వాభిప్రాయమును విడిచి, ప్రమాదము ఊపిరాడకుండుటవలనను మందు మితిమీరుటవలననుగాని నేరుగ గుండెవలన గాదని లండనునకు తంతి నంపెను. 1890లో నా నివేదిక లాన్సెట్టు పుటలకెక్కెను. దక్కనులోని యొక పట్టణము లోకపు వైద్యులందరకును పాఠము చెప్పుచున్నదని హైదరాబాదు ఉప్పొంగెను.

ఇచ్చటినుండి కథ మలుపు తిరుగును. హైదరాబాదు నియమములను చదివిన పిమ్మటను ఇంగ్లండులో రోగులు క్లోరోఫారము క్రింద మరణించుచునేయుండిరి. కొందరు ఊపిరి సరిగ సాగుచుండగనే నాడి తప్పి చనిపోయిరని చూచినవారు వ్రాసిరి. లారీ వారిని నమ్మలేదు. మరణము సంభవించినచో మందునిచ్చినవాడే సరిగ చూచియుండడని యతని తీర్పు. 1893లో కేంబ్రిడ్జినందు గాస్కెలు, షోరు అను శాస్త్రజ్ఞులు మిగుల నేర్పుతో నొక పరీక్ష చేసిరి. క్లోరోఫారము కలిసిన నెత్తురు మెదడునకు మాత్రమే చేరునట్లు చేసినప్పుడు రక్తపు ఒత్తిడి తగ్గలేదు. గుండెకు చేరినప్పుడు తగ్గెను. గుండెకు హాని నేరుగనే కలదని దీని యర్థము. లారీ దీనిని గూడ నంగీకరింపక వాదించెను. వేయి పౌనులిచ్చి ప్రతిపక్షిని పిలిచిన యుదారత యే మూలకు పోయెనో!

నా యభిప్రాయమును స్పష్టముగ చెప్పెదను. మందును జాగ్రత్తగ వాడుమనుట వేరు, జాగ్రత్తగ వాడినచో నీ మందు హాని చేయనే చేయదనుట వేరు. మొదటిదానితో లారీ యారంభించెను, రెండవదానిలో చిక్కుకొనెను. అతని మాట నమ్మి నాడిని చూచుట మానిన వైద్యుని చేతిలో రోగి పోయినప్పుడు, రోగి కుటుంబమునకు దుఃఖము, వైద్యునికి అపనింద, రెండును మిగిలెను. మందుపొట్లములు చదువబోవు మన విద్యార్థులు దీనిని మరువరాదని నేను వారితో చెప్పితిని. ఒక ముసలమ్మ మాత్ర వేసికొన్నప్పటినుండి కన్నులు తిరుగుచున్నవన్నచో, లెక్క ప్రకారము వేసికొంటివి గావున నేమియు కాదని యామె నోరు మూయించుటకు వారికి హక్కు లేదు. ఆమెను వైద్యుని కడకో, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకో పంపవలెను.

మరి లారీ రోగులేల బ్రతికిరి? దీనికి సమాధానము 1911లో వచ్చెను. గుడ్మను లెవీ యను వైద్యుడు థామసు లూయిసు అను హృదయశాస్త్రజ్ఞునితో గూడి పిల్లులపై పరీక్షలు చేసి, క్లోరోఫారము అతిగ నిచ్చినప్పుడు గాక, అల్పముగ నిచ్చినప్పుడే గుండె క్రమము తప్పునని చూపెను. మత్తు పూర్తిగ పట్టక భయముతోనో బాధతోనో పెనగులాడు రోగి నెత్తుటిలో అడ్రినలిను అను రసము పొంగును. క్లోరోఫారముతో నది కలిసినప్పుడు గుండె క్రింది గదుల కండరములు కొట్టుకొనుట మాని పురుగులవలె కదలాడును, నెత్తురు సాగదు, క్షణములలో ప్రాణము పోవును. గుండె యట్లు అదరి నిలుచుటయే హఠాన్మరణములకు కారణమై యుండవచ్చునని అబర్డీనునందలి మాక్విలియము 1889లోనే, అనగా హైదరాబాదు సంఘము కూడిన యేటనే, వ్రాసియుండెను. కాని యెవరును రెండింటిని ముడివేయలేదు. గాఢనిద్రలో నున్న జంతువులలో నీ యపాయము కనబడుట యరుదు. హైదరాబాదు కుక్కలు నిండుగ మందు పీల్చినవి. హైదరాబాదు రోగులకు గూడ మధ్యలో ఆపక, మత్తు తేలిపోనీయక, నిండుగనే యిచ్చుచుండిరి. హన్నా గ్రీనరునకట్లు గాదు. భయపడి యేడ్చుచున్న బాలికకు కొద్దిగ నిచ్చి గోరు కోయ మొదలిడిరి.

అనగా లారీ చేతిపని యొప్పు, దానికతడు చెప్పిన కారణము తప్పు. ఊపిరిని చూడుమన్నది నేటికిని నిలిచియున్న మాట. నాడిని చూడవలదన్నది నిలువలేదు. ఇప్పుడు మత్తువైద్యులు రెండింటిని గూడ, రక్తపు ఒత్తిడిని, నెత్తుటిలోని ప్రాణవాయువును గూడ యంత్రములతో నెడతెగక చూచుచుందురు. క్లోరోఫారమే శస్త్రవైద్యమునుండి తొలగిపోయినది.

లారీ 1901లో క్లోరోఫారమును గూర్చి విద్యార్థులకొక గ్రంథము ప్రకటించెను. ఆ ప్రాంతముననే హైదరాబాదు నుండి విరమించి స్వదేశమునకు మరలెను. అచ్చటను వాదము మానలేదు. లెవీ పరిశోధన వెలువడిన నాలుగేండ్లకు, 1915లో, మరణించెను. అతడు పనిచేసిన అఫ్జలుగంజు ఆసుపత్రి 1908 సెప్టెంబరునందలి మూసీనది వరదలో కొట్టుకొనిపోయెను. తరువాత నా తావున కట్టినదే ఉస్మానియా ఆసుపత్రి.

రూపాబాయిని గూర్చి చెప్పవలసియున్నది. ఆమె 1880ల చివర హైదరాబాదు వైద్యపాఠశాలలో చదువు ముగించి, లారీ కడ క్లోరోఫారమిచ్చుట నేర్చుకొనెను. తెరచాటు స్త్రీలు పురుషవైద్యుని యెదుట నోరు విప్పుటకే సిగ్గుపడు కాలమది. మత్తు పట్టుటకు ముందు వారి ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పుటకు స్త్రీ యుండుట యెంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. లెవీ చెప్పినది నిజమైనచో, భయము తగ్గించుట కేవలము దయ గాదు, ఔషధప్రయోగములో నొక భాగమే. ఈ పనిని వృత్తిగ స్వీకరించిన స్త్రీలలో లోకమున కెల్ల నామెయే మొదటిదని నేడు చెప్పుదురు. ఇరువదియేండ్లు పనిచేసిన పిమ్మట, తాను నిత్యము వాడు ద్రవ్యముల గుణములు తనకింకను బాగుగ తెలియవలెనని, 1909లో ఆమె ఓడయెక్కి ఎడింబరో పోయి భౌతిక రసాయన శాస్త్రములు చదివెను. అది సింప్సను క్లోరోఫారము పీల్చిన యూరు, సైము బోధించిన యూరు, లారీ తన నమ్మకమును తెచ్చుకొన్న యూరు. చదువు ముగించి యామె హైదరాబాదునకు తిరిగివచ్చి, 1917 వరకు రోగులకు మత్తునిచ్చు పనిలోనే యుండెను.